50 మిల్లీసెకన్ల భజన ఆపండి బాబూ

ఈ మధ్య ఏ నెట్‌వర్క్ డిజైన్ రివ్యూకి వెళ్ళినా ఒకటే పాట. "సెగ్మెంట్ రౌటింగ్ పెట్టేశాం, టీఐ-ఎల్ఎఫ్ఏ ఆన్ చేశాం, లింకు తెగినా 50 మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది." ఇక దుప్పటి కప్పుకుని పడుకోవచ్చన్నమాట!

ముందే చెప్తున్నా, సెగ్మెంట్ రౌటింగ్ మీద నాకేం కోపం లేదు. పాత ఆర్ఎస్‌వీపీ-టీఈలో 100 రౌటర్ల మధ్య ఫుల్ మెష్ వేస్తే 9,900 టన్నెళ్ళు. దారిలో ఉన్న ప్రతి రౌటరూ తన మీదుగా పోయేవాటి లెక్క మొయ్యాలి. ఇందులో ఆ బరువు లేదు, దారి ఏదో బయల్దేరే చోటే ప్యాకెట్ నెత్తిన రాసి పంపేస్తాం. 2018లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8402 చదివితే ముచ్చటేస్తుంది. పక్కదారి ముందే లెక్కేసి ఉంచుకోవడమూ మంచిదే.

మరి గొడవెక్కడ? కస్టమర్ గడియారం లింకు తెగిన క్షణం నుంచి తిరుగుతుంది, మన స్లైడు గడియారం రౌటర్‌కి ఆ సంగతి తెలిశాక తిరుగుతుంది. ఫైబర్ నేరుగా రౌటర్‌కే వస్తే వెలుతురు ఆగగానే తెలుస్తుంది, సరే. మధ్యలో వేరేవాడి స్విచ్ ఉంటే? మన పోర్టు పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు బీఎఫ్‌డీయే దిక్కు. 300 మిల్లీసెకన్లకొకటి, మూడు రాకపోతే లింకు పోయినట్టు అని పెట్టుకుంటే గుర్తించడానికే దాదాపు 900. ఇంకెక్కడి 50?

ఇంకోటి. పక్కదారి లెక్కేసేదానికి గీతలే కనిపిస్తాయి, గోతులు కనిపించవు. మ్యాపులో రెండు లింకులు, రోడ్డు కింద ఒకటే గొయ్యి. జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ ఫట్! ఏవి ఒకే గోతిలో ఉన్నాయో చెప్పడానికి ఎస్ఆర్ఎల్‌జీ ఉంది, కానీ దాన్ని మనిషే నింపాలి. ఒక ప్రాజెక్టులో (పేరెందుకులెండి) ఆ వివరాలు అడిగితే "ఫైబర్ వేరే టీమ్ చూస్తుంది" అన్నారు. ఆ టీమ్ ఎక్సెల్ షీటు పంపింది, అందులో ఆ కాలమ్ ఖాళీ! డిజైన్‌కి మాత్రం అప్పటికే సంతకాలైపోయాయి.

తెగిన లింకు అవతల ఏ ఆసుపత్రో ఉండొచ్చు, 108కి చేస్తున్న ఫోనే ఉండొచ్చు. వాళ్ళకి మన స్లైడు ఏం చేసుకోను?

కాబట్టి బాబ్బాబు, రెండు పనులు చెయ్యండి. గోతుల లెక్క తెప్పించి ఎస్ఆర్ఎల్‌జీ నింపండి, దాన్ని చూడమని టీఐ-ఎల్ఎఫ్ఏకీ చెప్పండి. ఓ మెయింటెనెన్స్ రాత్రి ట్రాఫిక్ నడుస్తుండగా తీగ పీకండి. మన పోర్టు దగ్గర కాదు, ఆ మధ్య స్విచ్ అవతల. ఎన్ని ప్యాకెట్లు పోయాయో చూసి ఎంతొస్తే అంతే రాయండి. 900 వస్తే 900 అనే రాయండి, సిగ్గేం లేదు. కొలవకుండా 50 అని రాయడమే సిగ్గు.

కాదంటారా? మీరు కొలిచిన అంకె చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.