సంతకం ఎవరిది?

2024 ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానం నుంచి భాజపా అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. మే 7న ఓటు వేయవలసిన 16 లక్షల మందికి పైగా పౌరులకు ఇక పోలింగ్ కేంద్రంతో పని లేకపోయింది. ఒకప్పుడు మొరార్జీ దేశాయ్‌ని ఐదుసార్లు గెలిపించిన నియోజకవర్గమిది.

కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీని ప్రతిపాదించిన ముగ్గురు, నామినేషన్ పత్రాలపై ఉన్న సంతకాలు తమవి కావని ప్రమాణపత్రాలు ఇచ్చారు. నామినేషన్ తిరస్కరణకు గురైంది. ఆ పార్టీ ప్రత్యామ్నాయ అభ్యర్థికీ అదే గతి పట్టింది. మరుసటి రోజుకల్లా బరిలో మిగిలిన ఎనిమిది మందీ తప్పుకున్నారు. ఒక్కరే మిగిలినప్పుడు ఎన్నికైనట్లు వెంటనే ప్రకటించాలన్నది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 53వ సెక్షన్. నిబంధన ప్రకారం అంతా సక్రమమే.

అయితే ఒక చిన్న తర్కం మిగిలింది. ఆ సంతకాలైనా అబద్ధం కావాలి, ప్రమాణపత్రాలైనా అబద్ధం కావాలి. మూడో దారి లేదు. అధికారి చూసేది కాగితాన్ని. సంతకానికి కట్టుబడి నిలబడే ధైర్యాన్నీ, పోటీ నుంచి తప్పుకుంటే ఓటరు ఏం కోల్పోతాడన్న వెరపునూ ఏ సెక్షనూ సమకూర్చలేదు. వాటిని మనిషే తన వెంట తెచ్చుకోవాలి.

‘వ్యక్తుల విలువలతో ఏమవుతుంది, వ్యవస్థ మారాలి గానీ’ అని నిట్టూర్చేవారికి ఇదే నగరం మరో జవాబు ఇస్తుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది మంది సూరత్‌ను విడిచి పారిపోయారు. 1995 మేలో ఐఏఎస్ అధికారి సూర్యదేవర రామచంద్రరావు పురపాలక కమిషనర్‌గా వచ్చారు. చట్టాలు పాతవే, సిబ్బందీ పాతవారే. ఆయన అధికారులను చల్లని గదులలోంచి లేపి రోజూ వీధుల్లోకి నడిపించారు. అక్రమ కట్టడాల కూల్చివేతను పేదల గుడిసెలతో గాక, పలుకుబడి గలవారి భవనాలతో మొదలుపెట్టారు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఏ నిబంధనా చెప్పలేదు. ఆ ఎంపికలోనే ఆయన విలువ బయటపడింది. రెండేళ్లు తిరగకుండానే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన చేరింది. ఆయన వెళ్లిపోయినా ఆ అలవాటు నిలిచింది. 2024 జనవరిలో ప్రకటించిన స్వచ్ఛ సర్వేక్షణ్ అవార్డుల్లో సూరత్, ఇందోర్‌తో కలిసి ప్రథమ స్థానం పొందింది. ఒక మనిషి పట్టుదల వ్యవస్థగా మారడమంటే ఇదే.

ఆ గౌరవం దక్కిన మూడు నెలలకే అదే నగరంలో ఓటు హక్కు కాగితాల మధ్య కరిగిపోయింది. వీధులు ఊడ్చుకున్నంత తేలిక కాదు, రాజకీయాన్ని ఊడ్చుకోవడం.

మన పంచాయతీల్లో ఏకగ్రీవాలకు ప్రభుత్వాలే నజరానాలు ప్రకటిస్తున్నాయి. సర్పంచి పదవికి వేలంపాటలు సాగిన ఊళ్లూ ఉన్నాయి. అక్కడా చివరికి నామినేషన్ వెనక్కి తీసుకునే కాగితంపై ఒక సామాన్యుడు సంతకం చేయాలి. దాని కింద ఉండేది అతడి పేరే. చేయి వణకవలసింది అప్పుడే.