పిలవని పేరంటం

మంచి నౌకరు ఎవడు? చెప్పకుండానే పని చేసుకుపోయేవాడని మా ఆవిడ అంటుంది. ఎవరు చెబితే చెయ్యాలో ఎరిగినవాడని నేనంటాను. ఈ వివాదం మా ఇంట్లో ఒక పెన్ డ్రైవు మూలంగా పుట్టింది.

2008లో మా అమ్మ మా దగ్గరే వుండేది. రాత్రి భోజనాలయ్యాక మా అమ్మాయిని పక్కన కూచోబెట్టుకుని తన చిన్ననాటి కబుర్లు చెబుతూండేది. వరదకు ఊరంతా గుడి అరుగు మీదికి చేరిన సంగతీ, ఎడ్లబండిలో పెళ్ళికి తరలివెళ్ళిన సంగతీ, అలాంటివి. ఆ గొంతును పట్టి, పదకొండు కబుర్లు పెన్ డ్రైవులో భద్రపరిచాను. చోటు చాలడంలేదని కంప్యూటరులో వున్నవి తుడిచేశాను. మరుసటి సంవత్సరం అమ్మ వెళ్ళిపోయింది.

2010లో అమ్మాయి కాలేజీ దరఖాస్తు అచ్చు తీయించడానికి అదే డ్రైవు జేబులో వేసుకుని బజారుకు వెళ్ళాను. జిరాక్సు షాపు కుర్రవాడు దాన్ని తన కంప్యూటరులో పెట్టాడు, కాగితాలిచ్చాడు, డబ్బు పుచ్చుకున్నాడు. ఇంటికొచ్చి చూద్దును గదా, ‘అమ్మ కబుర్లు’ అనే ఫోల్డరు బొమ్మ మూల ఒక చిన్న బాణం గుర్తు! నొక్కితే ఏదో ఇంగ్లీషు వాక్యం కనబడింది తప్ప కబుర్లు లేవు. వైరసు పట్టిందనీ, ఫార్మాట్ చేస్తే వదులుతుందనీ ఎవరో చెప్పారు. చేశాను. వైరసు వదిలింది. దానితోపాటు కబుర్లూ పోయాయి.

తరవాత మా అక్కయ్య కొడుకు వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు.

“అయ్యో మామయ్యా! అవి డ్రైవులోనే వుండివుంటాయి. ఆ జాతి వైరసులు అసలు ఫోల్డర్లను కనబడకుండా దాచి, అదే పేరుతో నకిలీ బొమ్మ పెడతాయి. దాచినవాటిని కనబడేట్టు చేస్తే సరిపోయేది!”

ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఈ పిలవని పేరంటం అసలెలా మొదలయిందో వాడే చెప్పాడు. 1995లో విండోస్ 95 వచ్చినప్పుడు అందులో ఆటోరన్ అనే సదుపాయం పెట్టారు. సీడీలో ఒక చిన్న చీటీ వుంటుంది. ఫలానాది నడుపు అని అందులో రాసి వుంటుంది. సీడీ పెట్టగానే కంప్యూటరు ఆ చీటీ చదివి, చెప్పినట్టల్లా చేస్తుంది. ఏమీ తెలియనివాళ్ళకు సుఖంగా వుంటుందనే మంచి ఉద్దేశంతోనే చేశారు. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీ మీద మరొకరు రాయలేరు గనక సాగిపోయింది.

పెన్ డ్రైవు సంగతి వేరు. అది పది ఇళ్ళు తిరిగివస్తుంది. ఎవరైనా దానిలో చీటీ పెట్టవచ్చు. 2008 చివర కాన్ఫికర్ అనే పురుగు బయలుదేరింది. అది వ్యాపించిన దారుల్లో ఇదొకటి. డ్రైవు పెట్టినప్పుడు తెరమీద కనబడే జాబితాలో, ‘ఫోల్డరు తెరిచి చూడు’ అనే అమాయకపు మాట వెనకాల అది నక్కి కూచునేది. దాన్ని పుట్టించినవాళ్ళను పట్టించినవారికి రెండున్నర లక్షల డాలర్లిస్తామని 2009లో మైక్రోసాఫ్టు ప్రకటించింది. అదే ఏడు వచ్చిన విండోస్ 7లో పెన్ డ్రైవుల చీటీలకు చెల్లుబాటు తీసేశారు. పాత విండోస్‌లకు ఆ దిద్దుబాటును 2011 ఫిబ్రవరిలో అందరికీ పంపారు.

ఇంత కథ విన్నాక, మొన్నామధ్య అదే మేనల్లుడు వచ్చి, “మామయ్యా, నీ డ్రైవు పెట్టగానే దానంతటదే నకలు తీసేట్టు ఒక స్క్రిప్టు రాస్తాను” అంటే ఉలిక్కిపడ్డాను.

“ఒరేయ్, మళ్ళీ ఆ చీటీల వ్యవహారమేనా?”

“కాదు మామయ్యా. అప్పుడు చీటీ అతిథి జేబులో వుండేది. ఇప్పుడు మన ఇంట్లో వుంటుంది.”

మా ఇంట్లో ఇప్పుడున్నది లైనక్సు కంప్యూటరు. డ్రైవు పెట్టగానే ఆ కబురు యూడెవ్ అనే గుమాస్తాకు చేరుతుంది. అతను తన నియమాల పుస్తకం తిరగేస్తాడు. ప్రతి డ్రైవుకూ ఒక గుర్తింపు సంఖ్య వుంటుంది. అది మేము రాసిపెట్టిన సంఖ్యతో సరిపోతేనే పని మొదలు. ఈ గుమాస్తా ఎక్కువసేపు పట్టే పని పెట్టుకోడు. అంచేత సిస్టమ్‌డీ అనే మరొకరికి అప్పగిస్తాడు. నకలు తీసేది ఆ రెండో మనిషి.

“ఆ సంఖ్యను ఎవరైనా దొంగిలిస్తే?” అన్నాను. దెబ్బ తిన్నవాణ్ణి గదా!

“దొంగిలించవచ్చు. అందుకే మన స్క్రిప్టు డ్రైవులో వున్న దేన్నీ నడపదు. చదివి నకలు తీస్తుంది, అంతే. డ్రైవులో ఏదైనా పోయిందని ఇంట్లో వున్న నకలును తుడిచెయ్యదు కూడా.”

ఈ చివరి మాట గృహస్థులు గుర్తుంచుకోవాలి. రెండుచోట్లా ఒకేలా వుంచే పద్ధతి పెట్టుకుంటే, ఇక్కడ పొరపాటున తుడిచింది అక్కడా మాయమవుతుంది. మరొక మాట. దానంతటదే జరిగే పని, ఆగిపోయినప్పుడు కూడా చప్పుడు చెయ్యదు. నెలకొకసారి నకలు తెరిచి చూసుకోవాలి. దారిలో దొరికిన డ్రైవునైతే అసలు పెట్టనేకూడదు. కొన్ని డ్రైవులాగా కనబడుతూ, కీబోర్డునని చెప్పుకుని, తమంతట తామే ఆజ్ఞలు టైపు చేస్తాయి. ఆటోరన్ ఆపినంత మాత్రాన అవి ఆగవు.

మా పదకొండు కబుర్లలో ఒక్కటి దక్కింది. అక్కయ్య ఎప్పుడో తన ఫోనులోకి ఎక్కించుకున్నదట. వరద కబురు. స్క్రిప్టు మొట్టమొదట నకలు తీసింది దాన్నే. వింటూ వుంటే మధ్యలో ఎవరో తలుపు తట్టిన చప్పుడు, అమ్మ కబురాపి, “ఎవరూ?” అని అడగడం వినబడ్డాయి. అమ్మ గొంతు గుర్తుపట్టందే గడియ తీసేది కాదు.

ఆ బుద్ధి మా కంప్యూటరుకు ఇన్నాళ్ళకు అబ్బింది. చెప్పకుండానే పని చేస్తున్నది గనక తానే నెగ్గానని మా ఆవిడ అంటున్నది. ‘ఎవరూ?’ అని అడిగి మరీ చేస్తున్నది గనక నేనే నెగ్గానని నేననుకుంటున్నాను.