వ్యవసాయ గణాంకశాస్త్ర పీజీ ప్రవేశాలు: అర్హతలపై పునరాలోచన అవసరం

వ్యవసాయ గణాంకశాస్త్రంలోనూ, దానికి సన్నిహితమైన జీవగణాంకశాస్త్రంలోనూ స్నాతకోత్తర ప్రవేశానికి ఏ అర్హతలు ఉండాలన్నది కేవలం పరిపాలనా విషయం కాదు. మన క్షేత్రప్రయోగాల ఫలితాలను రేపు ఎవరు నిగ్గు తేలుస్తారన్నది ఆ అర్హతలపైనే ఆధారపడి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ చిక్కు ఇంటర్మీడియట్‌లోనే మొదలవుతుంది. వ్యవసాయ డిగ్రీలో చేరే బైపీసీ విద్యార్థులకు పదో తరగతితోనే గణితంతో సంబంధం దాదాపు తెగిపోతుంది. డిగ్రీలో చదివే ప్రాథమిక గణితం, గణాంక పద్ధతుల కోర్సులు సంభావ్యతా సిద్ధాంతానికి తగిన పునాది వేయజాలవు. ఎంపీసీ మార్గంలో వచ్చిన గణాంక పట్టభద్రులకు కలనగణితం, మాత్రికలు సుపరిచితమే గాని, ప్రయోగక్షేత్రం అపరిచితం.

ఈ రెండు లోటులూ ఒకే ప్రయోగంలో బయటపడతాయి. మూడు నీటి యాజమాన్య పద్ధతులు, నాలుగు నత్రజని మోతాదులు, మూడు పునరావృతాలు కలిగిన 36 మడుల ప్రయోగాన్ని తీసుకుందాం. చిన్న మడులకు పక్కపక్కనే వేర్వేరుగా తడులిస్తే నీరు ఒక మడి నుంచి మరొకదానికి ఊరుతుంది. కనుక నీటిని ప్రధాన మడులకు, నత్రజనిని ఉప మడులకు కేటాయించి స్ప్లిట్ ప్లాట్ పద్ధతిని అనుసరిస్తాం. ఈ కారణం పొలం ఎరిగినవారికి వెంటనే స్ఫురిస్తుంది.

విశ్లేషణకు గణితావగాహన కావాలి. నీటి పద్ధతుల మధ్య తేడాను ప్రధాన మడుల దోషంతోనే పోల్చాలి; దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4 మాత్రమే. ఉప మడుల దోషానికి 18. రెండింటినీ కలిపి 22గా తీసుకొని సాధారణ ఫ్యాక్టోరియల్ ప్రయోగంగా విశ్లేషిస్తే, లేని తేడా కూడా సార్థకంగా కనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ ఈ పొరపాటును ఆపదు. ఆ ఫలితం సిఫారసుగా మారి విస్తరణ సిబ్బంది ద్వారా గ్రామానికి చేరితే, అనవసరపు తడుల ఖర్చు భరించేది రైతే.

వ్యవసాయ పట్టా ఉన్నవారికే ప్రవేశం పరిమితం చేయాలన్న వాదన ఉంది. కానీ ఫిషర్ కేంబ్రిడ్జిలో గణితం చదివి 1919లో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరారు. ప్రయోగ రూపకల్పన సూత్రాలు అక్కడి పొలాల సమస్యల నుంచే రూపుదిద్దుకున్నాయి. సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసిన తరువాతనే కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వెళ్లారు. అలాగని ఇంటర్మీడియట్ గణితాన్ని తప్పనిసరి చేస్తే, పొలం తెలిసిన బైపీసీ విద్యార్థులను దూరం చేసుకున్నవారమవుతాం.

కాబట్టి ఉభయులకూ ప్రవేశం కల్పించి, లోటును ప్రవేశానంతరం పూరించడమే ఉచితం. వ్యవసాయ పట్టభద్రులకు తొలి సెమిస్టరులో కలనగణితం, మాత్రికలు, సంభావ్యత తప్పనిసరి కావాలి. గణాంక పట్టభద్రులు విత్తు నుంచి కోత వరకు ఒక పంటకాలం ప్రయోగక్షేత్రంలో పనిచేయాలి. ఇరువురికీ వేర్వేరుగా సీట్లు కేటాయిస్తే ఒకరి అవకాశాన్ని మరొకరు హరిస్తారన్న భయం ఉండదు.

బహుళైచ్ఛిక ప్రశ్నల ప్రవేశ పరీక్షకు తోడు చిన్న లిఖిత పరీక్ష కూడా ఉండాలి. ఒక క్షేత్ర నమూనాపటం ఇచ్చి, ఇందులో ప్రయోగ యూనిట్ ఏది, ఎందుకు అని అడిగితే చాలు. సూత్రాలు కంఠస్థం చేసినవారెవరో, ఆలోచించగలవారెవరో ఆ సమాధానమే తెలియజేస్తుంది. రానున్న పాఠ్యప్రణాళికా సమీక్షలలో సస్యశాస్త్ర, విస్తరణ విభాగాలు కూడా ఈ విషయాన్ని తమదిగా భావించి చర్చించవలసి ఉంది.