కొలెస్ట్రాల్ తగ్గితే సంతోషమేనా?

కొలెస్ట్రాల్ పేరు చెబితే చాలు, నేతి గిన్నె వైపు భయం భయంగా చూస్తాం. రిపోర్టులో ఆ అంకె తగ్గిందంటే "హమ్మయ్య!" అనుకుంటాం. మామూలు రోజుల్లో అది సబబే. కానీ మనిషి ఐ.సి.యు.లో ఉన్నప్పుడు ఆ అంకె ఒక్కసారిగా పడిపోతే డాక్టర్లు సంతోషించరు సుమండీ!

ఇది సెప్సిస్ అనే జబ్బు సంగతి. మా బుద్వేల్ లో "ఇన్ఫెక్షన్ రక్తంలో కలిసింది" అంటుంటారు. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి పుండు, మూత్రంలో మంట, న్యుమోనియా, కాన్పు తర్వాత జ్వరం - దేనితోనైనా మొదలు కావచ్చు. క్రిములతో పోరాడుతూ మన ఒళ్ళే అదుపు తప్పి, తన కిడ్నీలనూ ఊపిరితిత్తులనూ తానే దెబ్బ తీసుకుంటుంది. 2017 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి ఇది వచ్చిందనీ, 1 కోటి 10 లక్షల మంది పోయారనీ శాస్త్రజ్ఞుల అంచనా.

మరి ఇందులో కొలెస్ట్రాల్ కి ఏం పని? ఉంది. 'మంచి కొలెస్ట్రాల్' అనుకునే హెచ్.డి.ఎల్. కొన్ని రకాల క్రిముల పైపొర నుంచి ఊడివచ్చే విషాన్ని పట్టుకుని, లివర్ కి చేర్చి వదిలిస్తుంది. ఇల్లు ఊడ్చే చీపురు లాంటిదన్నమాట. సెప్సిస్ లో ఆ చీపురు అరిగిపోతుంది. పైగా లివర్ తన రోజువారీ పని పక్కన పెట్టి, ఇన్ఫెక్షన్ సమయంలో కావలసిన ప్రొటీన్ల తయారీలో పడుతుంది. కష్టకాలంలో ఒంటిని నిలబెట్టే కార్టిజోల్ హార్మోనుకు ముడిసరుకు కూడా కొలెస్ట్రాలే!

ఆడవాళ్ళకి హెచ్.డి.ఎల్. డెసిలీటరు రక్తంలో 50 మిల్లీగ్రాములకి తగ్గకూడదంటారు. తీవ్రమైన సెప్సిస్ తో చేరినవాళ్ళలో మొదటి రోజే అది 20 కంటే తక్కువుంటే ప్రాణాపాయం ఎక్కువని తైవాన్ డాక్టర్లు 2005లో ప్రకటించారు.

ట్రైగ్లిజరైడ్లు మాత్రం పెరగవచ్చు. ఐ.సి.యు.లో మత్తు కోసం ఎక్కించే ప్రొపోఫాల్ అనే మందు పాలలా తెల్లగా ఉంటుంది. అందులో సోయా నూనె కలుస్తుంది. అదీ ఒక కారణం కావచ్చు. "నేను పెట్టిన వేపుళ్ళ వల్లే" అని ఏ ఇల్లాలూ కుమిలిపోనక్కర్లేదు.

అలాగని ఈ ఒక్క అంకె చూసి ఆశ వదులుకోకూడదు. బి.పి., శ్వాస, స్పృహ, మూత్రం, ప్లేట్ లెట్లు, బిలిరుబిన్, లాక్టేట్ - ఇవన్నీ చూసే డాక్టరు అంచనా వేస్తారు. కొలెస్ట్రాల్ పడిపోవడం జబ్బు తీవ్రతకి ఒక గుర్తు మాత్రమే. తగ్గింది కదా అని నెయ్యి ఎక్కువ పోసినందువల్ల లాభం లేదు. కొలెస్ట్రాల్ మాత్రలు సొంతంగా మానడమూ తప్పే. మనిషి కోలుకున్న కొన్ని వారాలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే అసలు లెక్క తెలుస్తుంది.

మన చేతిలో ఉన్నదల్లా ఆలస్యం చేయకపోవడమే. జ్వరం, వణుకు లేదా ఒళ్ళు చల్లబడటం, ఆయాసం, గుండెదడ, మూత్రం తగ్గడం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం - ఇన్ఫెక్షన్ ఉన్న మనిషిలో ఇవి కనిపిస్తే "తెల్లారనీ, చూద్దాం" అనకండి. పోయినసారి మిగిలిన మాత్రలు మింగించకండి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో 1948లో ఆరియోమైసిన్ లాంటి గొప్ప మందు వచ్చింది. అయినా ఏ మందైనా వేళకి పడితేనే కదా పనిచేసేది! 2005 ఆగస్టులో మన హైదరాబాద్ లో మొదలైన 108 అర్ధరాత్రయినా పలుకుతుంది. "ఇది సెప్సిసా?" అని డాక్టరుని మొహమాటపడకుండా అడగండి. ఇంట్లో అందరి జ్వరాలూ కనిపెట్టే మనం, మన జ్వరాన్ని మాత్రం వంటింట్లో దాచుకోకూడదు.