గుడాఖు మహిమలు - చిగుళ్ళ నిజాలు

రాయ్‌పూర్‌లో నాకు వరసకు బాబాయ్ అయ్యే పెద్దాయన ఒకరున్నారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పక్కా హేతువాది. ఇంట్లో దేవుడి పటం ఉండదు. పిల్లల పెళ్ళిళ్ళకు ముహూర్తాలు పెట్టించలేదు. చేతబడి, దిష్టి అంటూ ఆయన ముందు ఎవరైనా మొదలుపెడితే ఇక అయిపోయారన్నమాటే. అలాంటి మనిషి పొద్దున లేచి చేసే మొదటి పని ఏమిటో తెలుసా? చిన్న డబ్బీ మూత తీసి, అందులోని నల్లటి ముద్దను చూపుడువేలితో తీసుకుని చిగుళ్ళకు రుద్దుకోవడం.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను.

"గుడాఖురా. చిగుళ్ళకు మంచిది. ఒకప్పుడు పళ్ళు తోముకుంటే రక్తం వచ్చేది. ఇది మొదలుపెట్టాక ఆగిపోయింది. ఇంతకంటే రుజువేం కావాలి నీకు?"

ఈ మాట అంటున్నప్పటికే ఆయనకు కింది వరసలో మూడు పళ్ళు లేవు. మరో రెండు వేలు తగిలితే కదులుతున్నాయి.

"ఇంతకంటే రుజువేం కావాలి?" ఈ మాట మనకు కొత్తా? విభూది పెడితే జ్వరం తగ్గిందన్నవాడూ ఇదే అన్నాడు. తాయెత్తు కడితే పిల్లాడు ఏడుపు మానాడన్న తల్లీ ఇదే అంది. వాళ్ళని చూసి నవ్వే మనం, మన నోట్లో వేలు పెట్టుకునే సరికి ఆ తర్కాన్నే ఎందుకు నమ్ముతున్నాం?

గుడాఖు అంటే తెలియని మిత్రుల కోసం చెబుతున్నాను. పొగాకు పొడిని బెల్లపు మడ్డితో కలిపి చేసే ముద్ద ఇది. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, జార్ఖండ్, బీహార్‌లలో పళ్ళకు, చిగుళ్ళకు రుద్దుకుంటారు. ఆడవాళ్ళూ రుద్దుకుంటారు, పిల్లలూ రుద్దుకుంటారు. చాలామంది దీన్ని పొగాకు అనుకోరు, పళ్ళపొడి అనుకుంటారు. బీడీ కాల్చే కొడుకుని తిట్టే తల్లి కూడా గుడాఖు డబ్బీ దగ్గర పెట్టుకుంటుంది. 2016-17లో జరిగిన పొగాకు సర్వేలో దేశం మొత్తం మీద పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలితే, ఛత్తీస్‌గఢ్‌లో అది 39 శాతం దాకా ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చిగుళ్ళ జబ్బు ఎందుకు వస్తుంది? వేడి చేసి కాదు, వయసు మీద పడి కాదు, పూర్వజన్మ పాపం వల్ల అంతకన్నా కాదు. పంటికీ చిగురుకీ మధ్య అంచున పేరుకునే పాచి వల్ల. పాచి అంటే తిండి మెతుకులు కాదు. అది బాక్టీరియా కట్టుకున్న కాలనీ. దాన్ని రోజూ తీసేయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి గట్టిపడి గార అవుతుంది. పాచికి స్పందనగా చిగురు ఎర్రబడి వాస్తుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. ఇది మొదటి దశ. శుభ్రం చేస్తే చిగురు పూర్తిగా మామూలు స్థితికి వస్తుంది. అశ్రద్ధ చేస్తే కొందరిలో వాపు లోపలికి పాకి, పంటిని పట్టుకున్న ఎముకను తినేస్తుంది. మన పెద్దవాళ్ళు పయోరియా అనేది దీన్నే. పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు.

"పాచి వల్లే అని మీకెవరు చెప్పారు?" అని అడగాలి. అడగకపోతే మనం హేతువాదులమెలా అవుతాం? 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే దంతవైద్య పరిశోధకుడు ఒక తేలికైన ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం మాన్పించాడు. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోముకోవడం మొదలుపెట్టించాడు. వారం పది రోజుల్లో వాపు తగ్గిపోయింది. కారణాన్ని పెట్టి చూడటం, తీసి చూడటం - పరీక్ష అంటే ఇదీ. బాబాయ్ గుడాఖుకి ఇలాంటి పరీక్ష ఏదైనా ఉందా?

మరి రక్తం ఆగిన మాట నిజమే కదా అంటారా? నిజమే కావచ్చు. కిటుకంతా అక్కడే ఉంది. నికొటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. పొగతాగేవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువ, కానీ చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. గుడాఖులో ఉన్నదీ ఆ నికొటినే. రక్తం రావడం జబ్బు కాదు, జబ్బు వచ్చిందని మోగే గంట. ఆ గంట నోరు నొక్కేసి "దొంగ పారిపోయాడు" అంటే ఎలా? దొంగ లోపల ఎముకను దోచుకుంటూనే ఉంటాడు. పైగా పొద్దున రుద్దగానే హాయిగా అనిపించడం మందు గుణం కాదు, రాత్రంతా నికొటిన్ అందక పడిన యాతన తీరడం. దీనికి తోడు పొగాకు తగిలే చోట చిగురు కిందికి జారుతుంది, తెల్లటి మచ్చలు వస్తాయి. పొగలేని పొగాకు క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది.

ఇంకో వాదన ఉంది. "మా తాత జన్మలో బ్రష్ ముట్టలేదు, ఎనభై ఏళ్ళకు చెరుకు గడ కొరికాడు." ఉండొచ్చు. శ్రీలంక తేయాకు తోటల్లో దంతశుభ్రత అలవాటే లేని 480 మంది కూలీలను 1970 నుంచి 15 ఏళ్ళు గమనించారు. సుమారు 11 శాతం మందికి జబ్బు ముదరలేదు. 81 శాతం మందికి మెల్లగా ముదిరింది. 8 శాతం మందికి వేగంగా ముదిరి, నడివయసుకే దాదాపు పళ్ళన్నీ పోయాయి. మీ తాత ఆ పదకొండు మందిలో ఒకడు. మిగతా ఎనభై తొమ్మిది మంది తాతల గురించి మనవలు గొప్పలు చెప్పుకోరు, అంతే తేడా.

చట్టం ఏం చేస్తోంది? పొగాకు కలిపిన టూత్‌పేస్టులు, పళ్ళపొడుల తయారీని, అమ్మకాన్ని కేంద్రం 1992లో నిషేధించింది. ఆయుర్వేదం ముసుగులో అమ్మేవాళ్ళు కోర్టుకెక్కితే, 1997లో లక్ష్మీకాంత్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. కానీ గుడాఖు మందు పేరుతో కాక పొగాకు సరుకుగా కిరాణా కొట్లో దొరుకుతూనే ఉంది. పళ్ళకు మంచిదని డబ్బీ మీద రాయనక్కర్లేదు, ఆ పని ఊరి నమ్మకం చేసిపెడుతోంది.

ఇదే రాష్ట్రంలో టోనహీ పేరుతో ఆడవాళ్ళను హింసించడాన్ని అడ్డుకోవడానికి 2005లో చట్టం వచ్చింది. రాయ్‌పూర్ కళ్ళ డాక్టరు దినేశ్ మిశ్రా లాంటివాళ్ళు ఆ మూఢనమ్మకం మీద ఊరూరా ప్రచారం చేశారు. మంచి పని. కానీ మన సభల్లో దయ్యాల మీద గంట ఉపన్యసించి, విరామంలో గుడాఖు రుద్దుకునే మిత్రులను ఏమనాలి?

ఇక డాక్టర్ల దగ్గరకు వెళ్దామంటే మరో భయం: "గార తీయిస్తే పళ్ళు వదులవుతాయి." పళ్ళు ముందే వదులయ్యాయి, ఎముక పోయింది. రాయిలా కట్టిన గార వాటిని అతికించినట్టు పట్టుకుని ఉంటుంది. అది తీసి, వాపు తగ్గేసరికి సందులు బయటపడతాయి. కొన్నాళ్ళు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. తప్పు తీసినవాడిది కాదు, ఇన్నాళ్ళూ తీయించనివాళ్ళది.

అలాగని డాక్టరు చెప్పిందల్లా వేదమనీ అనను. పెద్ద జబ్బు లేకుండా క్రమంగా చూపించుకునేవాళ్ళకు ఆరు నెలలకోసారి క్లీనింగ్ చేయడం వల్ల పెద్ద తేడా కనబడలేదని 2018 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. కాబట్టి అడగండి: "నా చిగురు లోతు ఎన్ని మిల్లీమీటర్లుంది?" మూడు లోపు ఉంటే మామూలే. నాలుగు, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే వేరు దాకా శుభ్రం చేయించాలి. మరీ లోతుంటే చిగురు తెరిచి చేయాల్సి రావచ్చు. షుగర్ ఉంటే దాన్ని అదుపులో పెట్టుకోవాలి, ఎందుకంటే ఈ రెండు జబ్బులూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. ఇంట్లో చేయాల్సింది మెత్తటి బ్రష్‌తో రోజూ రెండుసార్లు, చిగురు అంచు దాకా, రెండు నిమిషాలు తోముకోవడం. పళ్ళ సందుల్లోకి సన్న బ్రష్. వేపపుల్ల మెత్తగా నమిలి వాడితే తప్పులేదు, పనిచేసేది ఎక్కువగా ఆ తోమడమే, కానీ సందుల్లోకి అది చేరదు. ఇటుక పొడి, బొగ్గుపొడి మాత్రం వద్దు, పన్నునే అరగదీస్తాయి.

రాయ్‌పూర్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఎయిమ్స్‌లో దంత విభాగం ఉంది. పొగాకు మానాలనుకునేవాళ్ళకు 1800-11-2356 అనే ఉచిత ఫోన్ నంబరుంది. పొగాకు సరుకు మీద చట్టప్రకారం ముద్రించాల్సిన నంబరది.

బాబాయ్‌కి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగతావైనా నిలుస్తాయంటావా?" అన్నారు. గుడాఖు మానితే, శుభ్రం చేయిస్తే, చాలావరకు నిలబెట్టుకోవచ్చన్నాను. డబ్బీ ఇంకా పారేయలేదు. వచ్చే వారం దంతాల ఆసుపత్రికి వస్తానన్నారు. రాకపోతే నేనే వెళ్ళి తీసుకెళ్తాను. మరి మీ ఇంట్లో డబ్బీ ఎవరి దగ్గరుంది?