చీమంత రోబో, జాగ్రత్త కొండంత



యంత్రాలు ఒకదానినొకటి ఢీకొట్టుకొనే 'రోబోట్ వార్స్' పోటీని 1994లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ అనే ఆయన ఆరంభించారు. నేడు బ్రిటన్‌లో 150 గ్రాములు మించని రోబోలను ఇళ్లలోనే తయారు చేసి పోటీకి తెస్తున్నారు. ఆ తరగతికి చీమ పేరే పెట్టారు: 'యాంట్‌వెయిట్'.

చీమంతే గదా అని అలక్ష్యం చేయకండి. గిర్రున తిరిగే బ్లేడు వేలిని కోసివేయగలదు. లిథియం పాలిమర్ బ్యాటరీకి చిల్లు పడినా, చార్జి మితిమీరినా మంటలు లేవవచ్చు. అందుకే పోటీలలో కట్టుబాట్లున్నాయి. ఆయుధం కదలకుండా పెట్టిన పిన్నును బరిలోనే తీయాలి. పోరు గట్టి పాలీకార్బనేట్ గోడల మధ్యనే జరగాలి. రిమోటు సంకేతం తెగితే ఆయుధం దానంతటదే ఆగిపోవాలి.

మన ఇంట్లోనూ పిల్లవాడో, ఆడపిల్లో పాత మోటారు ముందేసుకొని కూర్చుంటే, "చదువు మాని ఇదేం పని?" అని గద్దించకండి. ఒంటరిగానూ వదిలేయకండి. మొదట బ్లేడు లేకుండా, ఎదుటిదాన్ని తోసే బండిని చేయించండి. బ్యాటరీ చార్జి అవుతున్నంతసేపు ఒకరు దగ్గరుండండి.

పోటీ 3 నిమిషాలలో ముగుస్తుంది. విరిగినదాన్ని విప్పి, ఎందుకు విరిగిందో కనిపెట్టి, ఓపికగా మళ్లీ బిగించడంలోనే అసలు చదువుంది. ఆ చదువుకు మీరు తోడుండండి.