ఈ వెట్టికి నేను రాను

మా తాత ఆరె, రంపె పట్టినోడు. ఊళ్లో మోట బాన చిరిగితే మాదిగపల్లెకి కబురొచ్చేది. బాన కుట్టి పొలాలకి నీళ్లు పారించింది మా తాత. అదే బావిలో నీళ్లు తోడుకోనియ్యంది ఊరు. కూలి అడిగితే కల్లం కాడ చూద్దాంలే అనేవాళ్లు. అది వెట్టి అంటే అందరూ ఒప్పుకుంటారు. ఇవాళ బళ్లో నేను చేస్తున్నది కూడా వెట్టే అంటే మాత్రం మా ఉపాధ్యాయ మిత్రులకి కోపమొస్తోంది.

2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల హైస్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆ గది ఊడ్చింది మా పల్లె పిల్లలం. మౌసు పట్టింది ముందు బెంచీవాళ్లు. నేర్పేవాళ్లని ఏజెన్సీల కింద ఐదేళ్ల ఒప్పందం మీద పెట్టారు. ఒప్పందం తీరాక ఇంటికి పంపారు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. డీఎస్సీ రాసి లెక్కల మేష్టరునయ్యాను. హాజరు, మార్కులు, యూడైస్, అన్నీ కంప్యూటర్లోకెక్కాయి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో మేష్టర్ల హాజరుకి మొహం చూపించే యాప్ వచ్చింది. తర్వాత తరగతి గోడలకి డిజిటల్ ప్యానెళ్లెక్కాయి. ఇవన్నీ చూసుకునే పోస్టు మా బళ్లో లేదు. నేనున్నాగా!

నేనే ఎందుకని అడిగాను. "మీవాళ్లకి చేతిపని పుట్టుకతోనే వచ్చుద్ది గదయ్యా" అన్నాడు హెడ్మాస్టరు. స్టాఫ్ రూమంతా నవ్వింది. రాత్రుళ్లు కూచుని నేర్చుకున్న విద్యని ఒక్క మాటతో కులం ఖాతాలో వేశాడు. ఆయన కొడుకు బెంగుళూరులో కంప్యూటరు ముందు కూచుంటే అది తెలివి. నేను కూచుంటే చాకిరీ.

తనిఖీ రోజు ప్యానెల్ ముందు నిలబడి పాఠం చూపించేది ఇంకొకరు. బల్ల కింద దూరి తీగ పట్టుకునేది నేను. అంకె తప్పితే మెమో నాకే.

జీతం తీసుకుంటూ వెట్టి అంటావేంది అంటారు. జీతం లెక్కలు చెప్పినందుకు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులకి టీచర్ని వాడొద్దంది. నేను తీగల కింద దూరిన ప్రతి గంటా పదో తరగతికి లెక్కలు పోతున్నాయి. ఆ పిల్లలెవరు? డబ్బున్నోళ్లు ప్రైవేటు బడికి పోగా మిగిలిన మా పల్లె పిల్లలే.

మొన్న ప్యానెల్ ఆగిపోతే మా పల్లె పిల్ల ఒకతి లేచింది. "తీగ వదులయినట్టుంది సార్, నేను చూడనా?" అంది. "ముట్టుకోబాకు, పాడైపోద్ది" అని గుమ్మం కాడ నుంచే అరిచారు ఓ పంతులుగారు. బాగు చెయ్యటానికి నా చెయ్యి కావాలి. నేర్చుకోటానికి ఆ పిల్ల చెయ్యి తగలకూడదు. ఇది అంటరానితనం కాకపోతే మరేంది?

అంబేద్కర్ జయంతికి దండ పట్టుకొచ్చే సంఘాల నాయకుల్లారా, మీకే చెబుతున్నా. పనంటే నాకు చిన్నచూపు లేదు, మా వంశం బతికింది పనిమీదే. పోస్టు కోసం కొట్లాడండి. అది వచ్చిందాకా అందరం వంతులేసుకుందాం. కంప్యూటరు గది తాళం ఆ పిల్లకివ్వండి, నేర్పటానికి బడయ్యాక కూడా ఉంటాను. కులం చూసి కబురు పెడితే మాత్రం రాను.